టీపీఆర్ షీట్‌లో అందరికీ 20 ఎందుకుంటుంది?

నర్సింగ్ మొదటి సంవత్సరంలో ఎవరికైనా బీపీ చూడటం ఎప్పుడు నేర్పిస్తారా అనే తొందరే. మెడలో స్టెతస్కోప్, చేతిలో బీపీ ఆపరేటస్. ఇంట్లోవాళ్ళు ఊహించుకునే నర్సు అదే కదా. సెలవులకు ఊరెళ్తే పక్కింటి పెద్దమ్మ కూడా "నాకు జర బీపీ చూడు బిడ్డా" అని చెయ్యి చాపుతుంది. "నా ఊపిరి లెక్కపెట్టు" అని మాత్రం ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. నేను ఇక్కడ చెప్పాలనుకున్నది ఎక్కువగా ఆ ఎవరూ అడగని లెక్క గురించే.

నేను తెలంగాణలో జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదువుతున్నాను. మా ఫండమెంటల్స్ క్లాసులో వైటల్ సైన్స్, అంటే ప్రాణం ఎలా ఉందో చెప్పే గుర్తులు, నాలుగు: టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్, బ్లడ్ ప్రెషర్. మొదటి మూడింటినీ కలిపి టీపీఆర్ అంటాం, వార్డులో షీట్ పేరు కూడా అదే. ఆక్సిజన్ సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూడటం, నొప్పి ఎంతుందో సున్నా నుంచి 10 వరకు అడిగి రాయడం కూడా ఇప్పుడు వీటితో కలిపి నేర్పిస్తున్నారు.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన మాకు మొదట భయం పుట్టించింది రోగులు కాదు, పేర్లు. టాకికార్డియా, బ్రాడిప్నియా, హైపర్‌పైరెక్సియా అంటుంటే నోరు తిరిగేది కాదు. మా మేడమ్ ఒక్కో పేరునీ రెండు ముక్కలు చేసి బోర్డు మీద రాసేవారు. టాకీ అంటే వేగం, బ్రాడీ అంటే నెమ్మది, డిస్ అంటే కష్టం, ముందు ‘ఆ’ ఉంటే అసలు లేకపోవడం. వెనక కార్డియా ఉంటే గుండె, ప్నియా ఉంటే శ్వాస. ఇంక కలుపుకుంటూ పోవడమే. పెద్దవాళ్ళలో పల్స్ నిమిషానికి 100 దాటితే టాకికార్డియా, 60 కంటే తగ్గితే బ్రాడికార్డియా. శ్వాస 20 దాటితే టాకిప్నియా, 12 కంటే తగ్గితే బ్రాడిప్నియా, ఆగిపోతే ఆప్నియా, కష్టంగా ఉంటే డిస్ప్నియా. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వస్తే ఆర్థోప్నియా. జ్వరం లేకపోతే ఎఫిబ్రైల్, మరీ ఎక్కువైతే హైపర్‌పైరెక్సియా. ఒక్కసారి ఈ పద్ధతి పట్టుబడ్డాక పేర్ల టెన్షన్ సగం పోయింది. మిగతా సగం వైవా, అంటే నోటి పరీక్ష, దాకా ఉంటుంది, అది ఎవరికైనా తప్పదు.

టెంపరేచర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చంకలో చెమట అద్ది, థర్మామీటర్ మొన చర్మానికి తగిలేలా పెట్టి, చెయ్యి ఛాతీకి అదిమి ఉంచమనాలి. చంకలో చూస్తే నోట్లో చూసినదానికంటే దాదాపు ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ తక్కువ వస్తుంది కాబట్టి ఎక్కడ చూశామో కూడా రాయాలి. పాదరసం థర్మామీటర్లు దాదాపు పోయాయి. డిజిటల్‌ది కూత పెట్టాక తీసి చూస్తే చాలు.

పల్స్‌కి వేళ్ళు అలవాటు పడాలి. బొటనవేలు వాడకూడదు, దానిలో కొట్టుకునే మన పల్సే మనకు తగులుతుంది. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి, మరీ గట్టిగా నొక్కకుండా చూడాలి. రేటు ఒక్కటే రాస్తే మేడమ్ ఊరుకునేవారు కాదు. రిథమ్ (లయ) ఎలా ఉంది, వాల్యూమ్ (దెబ్బ బలం) ఎలా ఉంది అని అడిగేవారు. కొన్ని పల్సులు వేలికింద దారంలా సన్నగా తగులుతాయి, కొన్ని వేలిని పైకి తోస్తాయి. లయ తప్పుతుంటే అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించడం కుదరదు, నిమిషం పూర్తిగా చూడాల్సిందే. గుండె దగ్గర స్టెతస్కోప్ పెట్టి ఒకరు, మణికట్టు దగ్గర ఒకరు ఒకే నిమిషం లెక్కపెడితే రెండింటికీ తేడా వస్తుంది కొందరిలో. దాన్ని పల్స్ డెఫిసిట్ అంటారు. గుండె కొట్టిన ప్రతి దెబ్బా చేతిదాకా చేరడం లేదన్నమాట. రుమాటిక్ గుండెజబ్బు ఉన్న ఒకామె దగ్గర నేనూ నా పార్ట్‌నరూ కలిసి ఇది చూశాం. పుస్తకంలో రెండు లైన్లున్న విషయం చేతికి తగిలితే వచ్చే సంతోషం వేరు.

ఇక బీపీ. ల్యాబ్‌లో ఒకరి చేతికి ఒకరు కఫ్ కట్టుకుని రోజుల తరబడి పిండుకున్నాం. గాలి ఎక్కించి రక్తం ఆపే కఫ్‌ని 1896లో ఇటలీలో రివా రోచి తయారుచేశాడు. కానీ ఆయన పద్ధతిలో మణికట్టు పల్స్ ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో చూసి పై అంకె మాత్రమే చెప్పగలిగేవారు. మోచేతి మడత దగ్గర స్టెతస్కోప్ పెట్టి చప్పుడు వినడం 1905లో రష్యన్ డాక్టర్ కొరోట్కాఫ్‌తో మొదలైంది. చప్పుడు మొదలైన చోట సిస్టాలిక్ (పై అంకె), పూర్తిగా ఆగిన చోట డయాస్టాలిక్ (కింది అంకె). ఇప్పటికీ మాకు ముందు పల్స్ పట్టుకుని చూసే పాత పద్ధతి, తర్వాతే స్టెతస్కోప్ పద్ధతి నేర్పిస్తారు. బీపీ బాగా ఎక్కువున్న కొందరిలో చప్పుడు మధ్యలో కాసేపు మాయమై మళ్ళీ వస్తుంది. నేరుగా చెవితో మొదలుపెడితే ఆ ఖాళీ కింద వచ్చిన చప్పుడునే మొదటిదనుకునే ప్రమాదం ఉంది.

కఫ్ చిన్నదైతే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. కాలు మీద కాలు వేసుకున్నా, వీపుకి ఆనుడు లేకపోయినా, చెయ్యి గాల్లో వేలాడుతున్నా, మాట్లాడుతున్నా అంకె పెరుగుతుంది. అందుకే అయిదు నిమిషాలు కూర్చోబెట్టాకే చూడాలి. డయాలిసిస్ కోసం ఫిస్టులా పెట్టిన (ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన) చేతికి కఫ్ కట్టకూడదు. గాలి సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా వదలాలి. పాదరసం మీటర్ మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఉంటాయి. అందుకే వైవాలో ఎవరైనా 125 అని చెప్పగానే ఎగ్జామినర్ ముఖంలో నవ్వొస్తుంది, "ఆ 5 ఎక్కడ కనిపించిందమ్మా?" అని.

రెస్పిరేషన్ క్లాసు మాత్రం చాలా చిన్నది. పీల్చి వదిలితే ఒకటి, నిమిషం పాటు లెక్కపెట్టాలి, పెద్దవాళ్ళలో మామూలుగా 12 నుంచి 20. ఇంతే, నోట్సులో అర పేజీ కూడా రాలేదు. ల్యాబ్‌లో బొమ్మ ఎలాగూ ఊపిరి పీల్చదు, ప్రాక్టీస్ ఏం చేస్తాం!

వార్డు పోస్టింగ్ మొదలయ్యాక అసలు విషయం తెలిసింది. అది మెడికల్ వార్డు. షీట్లు తిరగేస్తుంటే టెంపరేచర్ ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంది, పల్స్ ఒక్కోలా ఉంది, బీపీ సరేసరి. రెస్పిరేషన్ కాలమ్‌లో మాత్రం పై నుంచి కింది దాకా 20, 20, 20. గుండెజబ్బు ఆమెకీ 20, జ్వరం తగ్గి రేపు ఇంటికెళ్ళే పిల్లకీ 20. అక్కడక్కడా మార్పు కోసమేమో 22 అని ఉంది. నేను చూసింది ఒక వార్డే కావచ్చు. కానీ వేరే కాలేజీల్లో చదువుతున్న నా స్నేహితులను అడిగితే అందరూ నవ్వారు. "మా దగ్గర 18" అంది ఒకమ్మాయి.

దీన్ని బద్ధకం అని కొట్టిపారేయడం తేలిక. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కొన్నాళ్ళు పనిచేశాక ఇంకో సంగతి కనిపించింది. థర్మామీటర్ అంకె చూపిస్తుంది. బీపీ మెషీన్ బీపీతోపాటు పల్స్ కూడా చూపిస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ సాచురేషన్, పల్స్ రెండూ చూపిస్తుంది. శ్వాస ఒక్కటే మామూలు వార్డులో మనిషి కన్ను పెట్టి నిమిషం నిలబడి లెక్కపెట్టాలి. వార్డు మొత్తానికి ఒకే స్టాఫ్ సిస్టర్ ఉండి, ఒక పక్క ఇంజెక్షన్లు, ఇంకో పక్క సెలైన్ అయిపోయిందని పిలిచే అటెండెంట్లు ఉన్నప్పుడు, మంచానికి ఒక నిమిషం అంటే ముప్ఫై మంచాలకు అరగంట. అంతా చేసి రాసిన అంకె రౌండ్స్‌లో ఎవరైనా చూస్తారా అంటే, బీపీ ఎంత, షుగర్ ఎంత, మోషన్ అయిందా అనేవే వినిపిస్తాయి. శ్వాస ఎంత అని అడగ్గా నేను ఆ వార్డులో వినలేదు.

మా క్లినికల్ మేడమ్‌కి ఈ 20 అంటే ఒళ్ళుమంట. సెకన్ల ముల్లున్న గడియారం లేకుండా పోస్టింగ్‌కి వస్తే వెనక్కి పంపేవారు. ఫోన్ వార్డులోకి తేనివ్వరు కాబట్టి అందరం చేతి గడియారాలు కొనుక్కున్నాం. ఆవిడ నేర్పిన పద్ధతి ఇది. ఊపిరి లెక్కపెడుతున్నామని రోగికి చెప్పకూడదు. తెలిస్తే తెలియకుండానే ఊపిరి మార్చేస్తారు. పల్స్ చూడటం అయిపోయాక కూడా వేళ్ళు తియ్యకుండా మణికట్టు అలాగే పట్టుకుని కళ్ళు ఛాతీ మీదికి తిప్పాలి. చీర కొంగు కప్పుకున్నా, దోమలకు దుప్పటి కప్పుకున్నా ఛాతీ కదలిక కనిపించదు. అప్పుడు వాళ్ళ చేతినే పొట్ట మీద ఆనించి పల్స్ పట్టుకుంటే, చెయ్యి లేచి దిగుతుంటే లెక్క దొరుకుతుంది. అంకెతోపాటు లోతుగా ఉందా పైపైన ఉందా, లయ సరిగా ఉందా, మెడ కండరాలు బిగుసుకుంటున్నాయా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా చూడాలి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారా అన్నది పేరు, ఊరు అడుగుతున్నప్పుడే తెలిసిపోతుంది.

అడగడంలో కూడా పుస్తకం వేరు, వార్డు వేరు. ఆర్థోప్నియా ఉందా అని తెలుసుకోవడానికి "ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?" అని అడగమని పుస్తకంలో ఉంటుంది. మా దగ్గరికొచ్చే చాలామంది ఇంట్లో ఒక్క దిండు కూడా పెట్టుకోరు. "రాత్రి కూర్చొని నిద్రపోతున్నావా పెద్దమ్మా?" అని అడిగితే, "ఔ బిడ్డా, గోడకు ఒరుగుతున్న, పంటే దమ్మొస్తుంది" అని వెంటనే చెప్పేస్తారు. రోగి చెప్పింది సబ్జెక్టివ్ డేటా, మనం చూసి, తాకి, కొలిచింది ఆబ్జెక్టివ్ డేటా. ఆమె "కాళ్ళకు నీరొచ్చింది" అంటే అది మొదటిది. చీలమండ దగ్గర ఎముక మీద వేలితో నొక్కి, గుంట పడిందని చూసి పిట్టింగ్ ఇడీమా అని రాస్తే రెండోది. కింది కనురెప్ప లాగి పాలర్ (పాలిపోవడం), కళ్ళ తెలుపులో ఇక్టెరస్ (పచ్చదనం), పెదాలు నాలుక మీద సయనోసిస్ (నీలంగా మారడం), గోళ్ళలో క్లబ్బింగ్ (వేళ్ళ చివర్లు ఉబ్బి గోళ్ళు వంపు తిరగడం) చూడటం కూడా అప్పుడే.

ఒకరోజు ఉదయం షిఫ్ట్‌లో నాకిచ్చిన మంచాల్లో కడుపునొప్పి, వాంతులతో రాత్రి చేరిన ఒకావిడ ఉంది. షీట్‌లో 20. నేను లెక్కపెడితే 34. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను, అంతే వచ్చింది. చిత్రం ఏమిటంటే ఆమెని చూస్తే ఆయాసపడుతున్నట్టు లేదు. ఉబ్బసం వాళ్ళలా పిల్లికూతలు లేవు, సాచురేషన్ 98 చూపిస్తోంది. ఊపిరి మాత్రం పరుగెత్తి వచ్చిన మనిషిలా లోతుగా, ఆగకుండా సాగుతోంది. దగ్గరికి వంగితే నోటి నుంచి పండిన పండులాంటి వాసన. స్టాఫ్ సిస్టర్‌కి అంకె చెప్పాను. ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, గ్లూకోమీటర్ తెచ్చి వేలు గుచ్చారు. అంకెకు బదులు ‘హై’ అని పడింది. డ్యూటీ డాక్టర్ వచ్చారు, మూత్రంలో కీటోన్స్ ఉన్నాయి, డయాబెటిక్ కీటోఅసిడోసిస్. అంటే షుగర్ జబ్బులో ఇన్సులిన్ చాలక ఒంట్లో కీటోన్స్ అనే ఆమ్లాలు పేరుకుపోవడం. సెలైన్, ఇన్సులిన్ మొదలయ్యాయి. ఆమెకు షుగర్ ఉందని ఇంట్లోవాళ్ళకే తెలియదు.

ఆ శ్వాసకి కుస్మాల్ బ్రీతింగ్ అని పేరు, 1874లో దాని గురించి రాసిన జర్మన్ డాక్టర్ పేరు మీద వచ్చింది. ఒంట్లో ఆమ్లం పెరిగినప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసేసి దాన్ని తగ్గించుకోవడానికి శరీరం అలా లోతుగా, వేగంగా పీలుస్తుంది. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి కాబట్టి సాచురేషన్‌లో ఏమీ తెలియదు. ఆక్సీమీటర్ బాగుందంటే శ్వాస బాగుందనుకునే అలవాటు కోవిడ్ తర్వాత మా అందరిలో ఉంది. ఆ రెండూ వేర్వేరు సంగతులు. నా వల్లే ఆవిడకి జబ్బు దొరికిందని చెప్పను. రౌండ్స్‌లో ఎలాగూ షుగర్ చూసేవారే. కొంత ముందు తెలిసింది, అంతవరకే.

తర్వాత లేబర్ రూమ్ పోస్టింగ్ వచ్చింది. అదే ఆసుపత్రి, అదే రద్దీ, ఇంకా ఎక్కువే అనాలి. అక్కడ ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) వచ్చిన ఒక అమ్మాయికి ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్నారు. మొదటి డోసు తర్వాత నాలుగు గంటలకోసారి అయిదేసి గ్రాములు పిరుదు కండరంలో ఇవ్వాలి. ప్రతి డోసుకీ ముందు సిస్టర్ మూడు చూశారు: మోకాలి దగ్గర కొడితే కాలు ఎగురుతోందా, మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు వస్తోందా, శ్వాస నిమిషానికి 16కి తగ్గకుండా ఉందా. ఏ ఒక్కటి లేకపోయినా డోసు ఆపేయాలి. మెగ్నీషియం ఎక్కువైతే ముందు రిఫ్లెక్స్ పోతుంది, ఆ తర్వాత ఊపిరే ఆగుతుంది. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ ట్రేలో సిద్ధంగా పెట్టుకున్నారు. ఆ షీట్‌లో శ్వాస 18, 17, 20, 18 అని ఉంది. ఎవరూ కల్పించినవి కావవి, సిస్టర్ గడియారం చూస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం నేను పక్కన నిలబడి చూశాను.

అప్పుడు నాకు అర్థమైంది. సిబ్బంది ఒకటే, చదువు ఒకటే. లేబర్ రూమ్‌లో ఆ అంకె మీద ఇంజెక్షన్ ఇవ్వడమా మానడమా అన్నది ఆధారపడి ఉంది. మెడికల్ వార్డులో ఆ అంకె మీద ఏదీ ఆధారపడి లేదు, ఉన్నా ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. పురుగుమందు తాగిన కేసుల్లోనూ ఇదే చూశాను. విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కుతున్నప్పుడు పల్స్, కంటిపాప సైజు, చంకలో తడి గంటగంటకీ నిజంగా చూసి రాస్తారు, ఎందుకంటే తర్వాతి డోసు దాని మీదే నిర్ణయిస్తారు.

మా సీనియర్ అక్క ఒకామె ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఈ 20 గోల చెప్తే, అక్కడ న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోరు వేయాలంది, రోగి పరిస్థితి దిగజారుతుంటే ముందే పట్టుకోవడానికి. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చింది, 2017లో మార్చింది. శ్వాస, సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, తెలివి ఎలా ఉంది, టెంపరేచర్: ఒక్కోదానికి మార్కులు వేసి కూడతారు. ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే చెడ్డ. శ్వాస 12 నుంచి 20 ఉంటే సున్నా, 21 నుంచి 24 అయితే 2, 25 లేదా ఆపైన ఉంటే 3. ఏ ఒక్కదానికైనా 3 వస్తే వెంటనే పైవాళ్ళకు చెప్పాలి. "నువ్వు లెక్కపెట్టిన 34కి ఇక్కడైతే డాక్టర్‌ని పిలిచి తీరాల్సిందే. మీ 20కి సున్నా" అంది అక్క. అక్కడ మాత్రం అందరూ నిజంగానే లెక్కపెడతారా అని అడిగితే, "అందరూ అని ఎవరు చెప్పార్లే" అని నవ్వింది.

కమ్యూనిటీ పోస్టింగ్‌లో పీహెచ్‌సీకి వెళ్ళాం. అక్కడి ఏఎన్ఎం మేడమ్‌కి మెషీన్లు ఏమీ లేవు, ఒక గడియారం ఉంది. దగ్గుతో వచ్చిన పిల్లలకు న్యుమోనియా ఉందో లేదో శ్వాస లెక్కతోనే తేల్చాలి. రెండు నెలల లోపు పసివాళ్ళకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. అంతకు చేరినా దాటినా వేగంగా ఉన్నట్టే. ఎనిమిది నెలల బాబుని ఎత్తుకుని ఒకామె వచ్చింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నేను గడియారం చూసుకోబోతుంటే మేడమ్ ఆపారు. ఏడుస్తున్న పిల్లవాడి ఊపిరి లెక్కలోకి రాదు, పాలు పట్టించి ఊరుకున్నాక చూద్దామన్నారు. వాడు తల్లి ఒళ్ళో సర్దుకున్నాక చొక్కా పైకి లాగి, పొట్ట లేచి దిగడం చూస్తూ ఇద్దరం విడివిడిగా నిమిషం పూర్తిగా లెక్కపెట్టాం. ఇద్దరికీ 46 వచ్చింది. డొక్కలు ఎగరేయట్లేదు, పాలు తాగుతున్నాడు. మేడమ్ యాంటీబయాటిక్ ఇవ్వలేదు. పాలు మాన్పించొద్దని, ఊపిరి వేగమైనా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగకపోయినా ఆ పూటే తీసుకురమ్మని చెప్పి, రికార్డులో 46 అని రాసి, తర్వాతి పిల్లని పిలిచారు.